ప్లాస్టరు చుట్టిన తీగలు

ముందే చెప్పేస్తాను. నా రాతలో ఒత్తులు తప్పిపోతాయి. దీర్ఘం ఉండాల్సిన చోట ఉండదు. యాభై ఏడో ఏట పలక పట్టినదాన్ని. ఈ కాస్త కథ రాయడానికి నాకు రెండు వానాకాలాలు పట్టింది. తప్పులుంటే మీరే దిద్దుకుని చదవండి. ఇందులో కాసులమ్మ నేనే. 'నేను' అని రాయబోతే చెయ్యి కదలడం లేదు. అందుకని పేరు పెట్టి, పక్కింటావిడ కథలాగా రాశాను.

ఆ రోజు శనివారం. పోర్ట్ బ్లెయిర్ దగ్గర బ్రూక్షాబాద్‌లో కుళాయి వచ్చే రోజు. రోజు విడిచి రోజు గంటసేపు వస్తాయి నీళ్ళు. కోడలు వాసవి గొట్టం పట్టుకుని డ్రమ్ములు నింపుతోంది. కాసులమ్మ గడప మీద కూర్చుని కొబ్బరి కోరుతోంది. కొడుకు మణికుమార్ నిలబడే టీ తాగుతున్నాడు. అతను హార్డ్‌వేర్ దుకాణంలో కౌంటరు దగ్గర పనిచేస్తాడు. తొమ్మిదింటికల్లా అక్కడ ఉండాలి.

"అత్తా, సోమవారం పొద్దున్న పాతసామాన్ల కబాడీ భయ్యా లారీ తెస్తాడట. షెడ్డులో నీ సామానేటైనా ఉంటే తీసెయ్," అంది వాసవి.

"సోమవారమా? ఈ సోమవారమేనా?"

"మరి వచ్చే యేడు సోమవారమా? మంగళవారం జెట్టీకి జహాజు వస్తాదట. దాంట్లో పాత ఇనుమంతా మద్రాసు ఎలిపోతాది. ఈ జహాజు తప్పితే మళ్ళీ వానాకాలం. నా మిషను వరండాలో తడిసి తడిసి తుప్పు పట్టింది. జాకెట్టుకి చేతులు కుడితే నూనె మరకలే. జనం నన్నే తిడతన్నారు."

వాసవిది అన్యాయమైన కోరిక కాదు. షెడ్డు ఖాళీ అయితే కుట్టుపనికి గది వేసుకోవచ్చు. కాసులమ్మకి అది తెలుసు.

"రెండు రోజులు చాలవే. ఇంకా కొంచెం చదవాలి," అంది.

మణి టీ గ్లాసు గట్టు మీద ఠక్కున పెట్టాడు. "బస్, చాలమ్మా! ఏటి చదువుతావు? అదేటైనా పుస్తకమా? చచ్చిపోయిన బండి. ఎలకలు కాపరం చేస్తన్నాయి."

"ఎలకలు కొరికిన తీగ మీద మీ నాన్న రాసే ఉంచాడు, 'ఇది ఎలక పని, నాది కాదు' అని," అంది కాసులమ్మ. ఆ మాటకి నవ్వబోయింది కూడా. కొడుకు ముఖం చూసి ఆపేసింది. అతను నవ్వలేదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ షెడ్డులో ఉన్నది జర్మనీ కారు. తెల్లది. ఒకప్పుడు పోర్ట్ బ్లెయిర్ మొత్తంలో అలాంటిది అదొక్కటే. కాంట్రాక్టరు సత్యారావు గారు దాన్ని మద్రాసులో కొని ఓడ మీద తెప్పించుకున్నారు. తోలు సీట్లు, మీట నొక్కితే దిగే అద్దాలు. కానీ ఉప్పుగాలికి జర్మనీ అయినా ఒకటే, జబల్పూర్ అయినా ఒకటే. నాలుగేళ్ళు తిరక్కుండానే దాని తీగలు మొరాయించడం మొదలుపెట్టాయి. ఆ తీగలు తెలిసిన మనిషి ఊరంతటికీ ఒక్కడే ఉన్నాడు. మిడిల్ పాయింట్‌లో చిన్న కొట్టు, పేరు అప్పలరాముడు. కాసులమ్మ భర్త.

అప్పలరాముడు శ్రీకాకుళం ఒడ్డున అయిదో తరగతి చదివి ఓడెక్కి వచ్చినవాడు. కారుతో వచ్చిన పుస్తకం అతనికి అర్థం కాదు. అందుకని తనే ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఏ తీగ ఎక్కడికి పోతుందో వెతికి పట్టుకున్నాక, దెబ్బలకి అంటించే ప్లాస్టరు ముక్క దాని మీద చుట్టి, బాల్‌పెన్నుతో తెలుగులో రాసేవాడు. 'కుడి దీపం'. 'హారను'. 'వెనక సీటు కింద అద్దాల రిలే'. ఇంకో నియమం కూడా ఉండేది అతనికి. తీగలు కలిపిన ముడి ఏదైనా సరే సీటు కంటే పైనే ఉండాలి, సోల్డరు, అంటే కరిగించిన తగరం, పోసి తీరాలి. "ఉప్పు నేల మీద పాకుతాది. కిందున్న ముడిని ముందు తింటాది," అనేవాడు.

రెండువేల నాలుగు డిసెంబరులో ఆ కారు అద్దాలు పని మానేశాయి. అప్పలరాముడి కొట్టులో క్రిస్మస్ సాయంత్రం బాగు చేసి ఇచ్చారు. మర్నాడు ఆదివారం, తెల్లవారుతూనే భూమి ఊగింది. సత్యారావు గారు భార్య మహాలక్ష్మమ్మని ఎక్కించుకుని చౌల్దారీలో పొలం మీదున్న పనివాళ్ళ కోసం బయల్దేరారు. పల్లపు రోడ్డులో సముద్రం లోపలికి వచ్చేసింది. ఆయన బయటపడ్డారు. కారు గుంటలోకి జారింది. తలుపులు బురదకి, నీళ్ళకి బిగుసుకుపోయాయి. మహాలక్ష్మమ్మ మీట నొక్కుతూనే ఉంది. అద్దం దిగలేదు.

పదమూడు రోజులు పోయాక సత్యారావు గారు మిడిల్ పాయింట్ కొట్టుకి వచ్చారు. బజారంతా చూస్తుండగా గుమ్మం మీద ఉమ్మారు. "నీ పనేరా నా ఇంటిదాన్ని ముంచింది," అన్నారు.

అప్పలరాముడు తలెత్తలేదు. "పని నాదే బాబుగారూ," అన్నాడు. అంతే. ఆ తర్వాత కొట్టుకి ఒక్క బండీ రాలేదు. మూణ్ణెల్లకి తలుపు మూసేశాడు. మోటారు పంపులు బాగుచేసుకుంటూ బతికాడు. ఆ కారుని మాత్రం అడిగి తెచ్చుకున్నాడు. "తీసుకుపో, నా కళ్ళకి కనపడకూడదు," అన్నారట సత్యారావు గారు. దాన్ని షెడ్డులో పెట్టి ప్రతి ఆదివారం పొద్దున్నే దీపం పట్టుకుని లోపల దూరేవాడు. అద్దాలు ఎందుకు దిగలేదో వెతికేవాడు. ఆరేళ్ళు వెతికి, గుండె ఆగి పోయాడు. దినానికి బజారు నుంచి నలుగురు కూడా రాలేదు.

మణి అప్పటికే తీగ ముట్టడం మానేశాడు. తండ్రి దగ్గర నేర్చుకున్న పని వదిలేసి దుకాణంలో మేకులు తూచే ఉద్యోగంలో చేరాడు. తండ్రికి పడిన మచ్చ చూసి భయపడ్డాడని అందరూ అనుకున్నారు. కాసులమ్మా అదే అనుకుంది.

భర్త పోయాక ఆమెకి ఒకటే మిగిలింది. ఆయన పని వల్లే ఆ తల్లి పోయిందా, కాదా? ఆ జవాబు ఎక్కడైనా ఉంటే ఆ ప్లాస్టరు ముక్కల మీదే ఉంటుంది. కానీ ఇంట్లో తెలుగు చదివేవాళ్ళు లేరు. కొడుకూ కోడలూ ఇక్కడే పుట్టినవాళ్ళు. మాట తెలుగే గానీ చదివింది హిందీ బడి. బయటివాళ్ళని పిలిచి చదివించడానికి మనసొప్పలేదు. ఒకవేళ అందులో ఆయన తప్పే ఉంటే? అది మొదట తనకే తెలియాలి, ఊరికి కాదు. అందుకని వెనక వీధిలో ఉన్న రిటైరు టీచరు సరోజిని దగ్గరికి మధ్యాహ్నాలు పలక పట్టుకుని వెళ్ళింది. "ఈ వయసులో ఏల అక్కా?" అని సరోజిని అడిగితే, "బస్సు బోర్డు చదవడానికి," అంది. బోర్డులన్నీ హిందీలోనూ ఇంగ్లీషులోనూ ఉంటాయి. సరోజిని ఇంకేమీ అడగలేదు.

అక్షరాలొచ్చాక మొదటిసారి షెడ్డులో కూర్చుని కూడబలుక్కుంటూ చదివిన మాట, 'కాసులు దీపం సరిగ్గా పట్టలేదు, రెండుసార్లు వెతికాను'. ఆ రోజు ఆమె చాలాసేపు అక్కడే ఉండిపోయింది. ఆయన పోయిన అయిదేళ్ళకి ఆయన గొంతు వినపడింది.

ముందు బోర్డు వెనక, బానెట్టు కింద, డిక్కీలో అన్నీ చదివేసింది. 'దీనికి సముద్రం తగిలింది, పోయింది' అనేదే ఎక్కువ. ఒక్క చోటే మిగిలింది. డ్రైవరు కాళ్ళ కింద. కారులో కుళ్ళిపోయిన కార్పెట్టంతా అప్పలరాముడు ఎప్పుడో పీకి పారేశాడు. ఆ ఒక్క చోట మాత్రం కొత్త రబ్బరు ముక్క పరిచి, ఎనిమిది మరలు బిగించి పెట్టాడు. దాని అంచు నుంచి ప్లాస్టరు కొస ఒకటి కనిపిస్తుంది.

శనివారం మణి వెళ్ళగానే కాసులమ్మ స్క్రూడ్రైవరు తీసుకుని కారులో కూర్చుంది. మరలు తుప్పు పట్టి ఉన్నాయి. కిరసనాయిలు పోసి, నానబెట్టి, ఒక్కొక్కటీ తిప్పింది. మధ్యాహ్నం అన్నానికి వచ్చిన మణి ఆమెని ఇంట్లో వెతికి, షెడ్డుకి వచ్చాడు.

"అమ్మా! లే అక్కణ్ణించి!"

"ఎనిమిదిట్లో ఆరు తీశానురా. రెండే ఉన్నాయి."

"లే అంటున్నానా! అక్కడేటీ లేదు."

ఆ కేకకి వాసవి మిషను ఆపి పరిగెత్తుకొచ్చింది. "ఏటయింది? పామా?"

కాసులమ్మ తలెత్తి కొడుకు వంక చూసింది. "లేదని నీకెలా తెలుసు? నువ్వీ బండి ముట్టి పన్నెండేళ్ళయింది కదా."

షెడ్డు రేకు మీద కాకి నడుస్తున్న చప్పుడు వినిపించింది. మణి వచ్చి తల్లి చేతిలోంచి స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. తీసుకుపోతాడనుకుంది ఆమె. కానీ అతను మోకాళ్ళ మీద కూర్చుని మిగిలిన రెండు మరలూ తనే విప్పాడు. అతని వేళ్ళు పని మర్చిపోలేదు. రబ్బరు ఎత్తాడు.

కింద ఇనుప నేల మీద రెండు తీగలు కలిసిన ముడి ఒకటి ఉంది. సోల్డరు లేదు. మెలిపెట్టి నల్ల టేపు చుట్టారు. టేపు లోపల రాగి పచ్చగా పూసి, ఒకవైపు మాడిపోయి ఉంది. దాని పక్కన వెడల్పాటి ప్లాస్టరు, దాని మీద మూడు వరుసల రాత.

కాసులమ్మ కళ్ళజోడు సర్దుకుని వంగింది. పెదాలు కదుపుతూ చదువుకుంది. ఒకసారి. మళ్ళీ ఇంకోసారి. తర్వాత నిటారుగా కూర్చుంది.

"ఏటి రాసుంది?" అన్నాడు మణి.

"బ్రేకు దీపం అని."

"మూడు వరుసలకి బ్రేకు దీపమేనా?"

"మీ నాన్న రాత పెద్దది కదరా."

"అమ్మా." అతను ప్లాస్టరు మీద వేలు పెట్టాడు. "ఈ రెండక్షరాలు నాకు తెలుసు. నా పెళ్ళికార్డు మీద చూశాను. తెలుగులో నాకొచ్చినవి ఆ రెండే. అది నా పేరు."

ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"చదువమ్మా."

కాసులమ్మ చదివింది. ఆమె చదువు ఎప్పుడూ నెమ్మదే. ఆ రోజు మరీ నెమ్మది.

"మణి వేసిన ముడి. పిల్లాడు. నేను చూసుకోవాల్సింది, చూడలేదు. తప్పు నాది. రెండువేల ఆరు మార్చి."

మణి కారు తలుపుకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి చెప్పాడు. క్రిస్మస్ సాయంత్రం స్నేహితులు బయట బండి మీద ఎదురుచూస్తున్నారు. అద్దాల తీగ ఒకటి కాళ్ళ కింద తెగిపోయి ఉంది. దాన్ని సీటు పైకి లాగి, సోల్డరు పోసి కలపాలంటే గంట పడుతుంది. అయిదు నిమిషాల్లో మెలిపెట్టి, టేపు చుట్టి, కార్పెట్టు మూసేశాడు. మీట నొక్కితే అద్దాలు దిగాయి, ఎక్కాయి. 'సోల్డరు చేశావా?' అని తండ్రి అడిగాడు. 'చేశాను' అన్నాడు.

"నమ్మేశాడు. ఎన్నడూ నన్ను రెండోసారి అడిగినోడు కాదు. నీళ్ళు ముందు అక్కడికే వచ్చుంటాయి. వెంటనే షార్టయి ఫ్యూజు పోతాది. ఇంక నాలుగు అద్దాలూ చచ్చినట్టే."

"సత్యారావు గారు గుమ్మం మీద ఉమ్మినప్పుడు నువ్వెక్కడున్నావు?" అంది కాసులమ్మ. ఆ గొంతు ఆమెదిలా లేదు.

"లోపలే ఉన్నాను. బెంచీ వెనకాల."

"విన్నావా?"

"అంతా విన్నాను." అతను ముఖం తుడుచుకున్నాడు. "నాన్న ఆ పాపం తనదే అనుకుని పోయాడని ఇన్నాళ్ళూ... నాకు నిద్ర ఉండీది కాదమ్మా. ఆయనకి తెలీదనుకున్నాను. తెలిస్తే మరి, అయిదేళ్ళు ప్రతి ఆదివారం ఏటి వెతికీవాడు?"

కాసులమ్మకి అప్పుడు అర్థమైంది. ఆ ఆదివారాలన్నీ ఒక్కసారిగా కళ్ళముందు నిలబడ్డాయి. వెతకడం ఆపేస్తే, దొరికిందా అని అడుగుతారు. దొరికిందంటే, ఎక్కడ అని అడుగుతారు. అందుకని దొరికాక కూడా ఆ మనిషి అయిదేళ్ళు దీపం పట్టుకుని వెతికాడు. చెప్పకుండా ఉండలేక రాసుకున్నాడు. ఆ ఇంట్లో ఎవరూ చదవలేని అక్షరాల్లో రాసుకున్నాడు.

ఆమె కారు దిగింది. కొడుకుని కొట్టాలని చెయ్యి లేచింది. లేచిన చేతిని ఏం చెయ్యాలో తెలియక కారు కప్పు మీద పెట్టుకుంది. తర్వాత ఇంట్లోకి వెళ్ళి పడుకుంది. ఆ పూట తినలేదు.

సాయంత్రం వాసవి పళ్ళెం తెచ్చి పక్కన పెట్టింది. "తిను అత్తా. ఆయన షెడ్డులోనే ఉన్నాడు. అక్కడా తినలేదు. ఇద్దరూ మానేస్తే నేను వండింది కుక్కకి పెట్టాలి. మనకి కుక్క కూడా లేదు."

కాసులమ్మ గోడవైపు తిరిగింది. వాసవి పోకుండా అక్కడే కూర్చుంది. "కబాడీ భయ్యాకి ఫోన్ చేసి వద్దని చెప్పనా?" అంది మెల్లిగా.

"వద్దు. రానీ."

ఆదివారం పొద్దున్న మణి ఉతికిన చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "చౌల్దారీ పోతన్నాను. బాబుగారికి చెప్పేస్తాను. నువ్వు రాకపోయినా పోతాను."

కాసులమ్మ లేచి చీర మార్చుకుంది. దారిపొడవునా బస్సులో తల్లీకొడుకులు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఆ పల్లపు రోడ్డు వచ్చినప్పుడు ఇద్దరూ కిటికీ బయటికే చూశారు. ఒకప్పుడు వరి పండిన చోట ఉప్పునీరు నిలిచి ఉంది. మోడైపోయిన కొబ్బరిచెట్లు ఇంకా అలాగే ఉన్నాయి.

సత్యారావు గారు ఇప్పుడు ఆ పొలం మీది ఇంట్లోనే ఉంటున్నారు. వరండాలో కుర్చీలో కనిపించారు. డెబ్భై దాటాయి, చేతికర్ర వచ్చింది. కాసులమ్మని చూసి ముఖం తిప్పుకున్నారు. మణి చెప్పులు మెట్ల కింద విడిచి, చేతులు కట్టుకుని నిలబడి చెప్పాడు. ఒక్క మాట కూడా తగ్గించుకోలేదు. 'చేశాను' అని తండ్రితో అబద్ధమాడిన సంగతీ చెప్పాడు, బెంచీ వెనక దాక్కున్న సంగతీ చెప్పాడు.

ఆయన ఒకటే అడిగారు.

"సోల్డరు చేసుంటే అద్దం దిగేదా?"

"దిగీదేమో బాబుగారూ. నీళ్ళు బ్యాటరీ దాకా ఎక్కేదాకా."

"అంటే ఎంతసేపు?"

"రెండు నిమిషాలు. మూడేమో."

"రెండు నిమిషాలు చాలు," అన్నారాయన. "మనిషి బయటికి రావడానికి రెండు నిమిషాలు చాలు."

మణి అక్కడే నేలమీద కూలబడ్డాడు. కాసులమ్మ కొడుకుని లేపలేదు. లేపే హక్కు తనకి లేదనిపించింది.

"నీ మొగుడికి ఇదంతా తెలుసా?" అన్నారు సత్యారావు గారు, ఆమెని చూడకుండానే.

"తెలుసు బాబుగారూ. తప్పు తనదని రాసిపెట్టుకుని పోయాడు."

ఆయన కర్రతో నేల మీద గీస్తూ ఉండిపోయారు. "బండి ఇంకా ఉందా?"

"రేపు కబాడీకి పోతాది."

"పోయేముందు నాకోసారి చూపించండి. ఆ అద్దం దిగడం చూడాలి నేను."

ఇంటికి రాగానే మణి చొక్కా విప్పి షెడ్డులోకి వెళ్ళాడు. పొరుగునున్న ఆటో అతన్ని అడిగి బ్యాటరీ తెచ్చాడు. తండ్రి పెట్టె అటక మీంచి దించాడు. పెట్టెలో టెస్ట్ లాంపు ఉంది. చిన్న బల్బు, దానికి రెండు తీగలు. ఒకటి ఇనుముకి తగిలించి, రెండోది అనుమానమున్న చోట ముట్టిస్తే, కరెంటుంటే వెలుగుతుంది. మణి దాన్ని ఎక్కడ ముట్టించినా వెలగలేదు.

"ఏ తీగ ఎటు పోయిందో తెలీడం లేదు. ఉప్పుకి రంగులన్నీ ఒకటే అయిపోయాయి," అన్నాడు, తనలో తను అనుకున్నట్టు.

నిన్నటి నుంచీ కాసులమ్మ కొడుకుతో మాట్లాడలేదు. షెడ్డు గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని వెనక తలుపు తీసుకుని కారులో కూర్చుంది.

"నీ చేతిలో ఉన్నది వైపరుది. వదిలెయ్. దాని పక్కన లావుపాటిది చూడు, 'అద్దాలకి పోయే పెద్ద తీగ' అని ఉంది."

మణి తల తిప్పి చూశాడు.

"నన్నేటి చూస్తావు? తీగ చూడు."

అలా సాయంత్రం దాకా ఆమె చదివింది, అతను కలిపాడు. వెనక సీటు ఎత్తితే అద్దాల మోటార్లకి కరెంటు వదిలే చిన్న డబ్బీ, దాని మీద 'రిలే, రెండుసార్లు మార్చాను, మూడోది మద్రాసు నుంచి రావాలి' అని ఉంది. ఆ మూడోది పెట్టె అడుగున కాగితంలో చుట్టి దొరికింది. ఎడమ ముందు తలుపు మోటారు తిరగడం లేదు. దాని మీద 'తుప్పు, నూనె పోసి తట్టు, అలిగింది అంతే' అని ఉంది. మణి నూనె పోసి తట్టాడు. మోటారు ఒక మూలుగు మూలిగి తిరిగింది. తల్లీకొడుకులకి ఒకేసారి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఏడుపు కావడానికి ఎంతోసేపు పట్టలేదు. కిటికీలోంచి వాసవి చూసి, లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి టీ పట్టుకుని వచ్చింది.

అన్నిటికంటే చివర కాళ్ళ కింది ముడి. మణి పచ్చబడ్డ రాగిని కత్తిరించి పారేశాడు. కొత్త తీగ కలిపి సీటు పైదాకా లాగాడు. సోల్డరు కరిగించి పోశాడు. ఆ పొగ వాసనకి కాసులమ్మ కళ్ళు మూసుకుంది. మిడిల్ పాయింట్ కొట్టు వాసన అది. మణి ముడిని రెండు చేతులతో పట్టుకుని గట్టిగా లాగాడు. ఊడలేదు. మళ్ళీ లాగాడు. మూడోసారి కూడా లాగాడు.

"చాల్లేరా," అంది ఆమె.

సోమవారం ఎనిమిదింటికి సత్యారావు గారు ఆటోలో దిగారు. కబాడీ లారీ అప్పటికే వచ్చి నిలబడింది. "అమ్మాజీ, జల్దీ కరో, జెట్టీ దగ్గర లైను ఉంది," అని కబాడీ అతను తొందరపెడుతుంటే వాసవి అతనికి టీ ఇచ్చి, "భయ్యా, పది నిమిషాలు నోరు మూసుకో," అంది.

ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగారు. డ్రైవరు వైపు తలుపు తియ్యలేదు. అటువైపు వెళ్ళి, ఎడమ ముందు సీటులో కూర్చున్నారు. అది మహాలక్ష్మమ్మ కూర్చున్న సీటు. తలుపు వేసుకున్నారు. మణి తాళం తిప్పాడు.

ఆయన వేలు మీట మీదే ఉంది. నొక్కడానికి చాలాసేపు పట్టింది. నొక్కారు. అద్దం ఒకసారి వణికింది. తర్వాత మెల్లిగా, ఉప్పు రాలుతున్న చప్పుడుతో కిందికి దిగింది. బయటి గాలి ఆయన ముఖానికి తగిలింది.

సత్యారావు గారు ఏడ్చారు.

"ఎవరికీ చెప్పలేదు నేను," అన్నారు. "రోడ్డు మీద నీళ్ళు చూసి నేను దిగాను, లోతెంతో చూద్దామని. నేనూ వస్తానంది. చీర తడుస్తుంది, నువ్వు కూర్చో అన్నాను. నేనే కూర్చోమన్నాను." కిటికీ అంచు పట్టుకుని అన్నారు, "ఆ మాట గొంతులో ఉండగా ఎవరినో ఒకరిని తిట్టాలి కదా కాసులమ్మా. తలొంచుకుని నిలబడేవాడు దొరికాడు. అతని దినానికైనా రాలేదు. ఇప్పుడు ఎవరికి చెప్పుకోను?"

కాసులమ్మ కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది. ఆయన్ని ఓదార్చాలో, తనే ఏడవాలో ఆమెకి తెలియలేదు.

"నాకు చెప్పారు కదా బాబుగారూ," అంది. "చాలు."

మణి తాళం తియ్యబోతూ అద్దం పైకెక్కించడానికి మీట వైపు చెయ్యి చాపాడు. సత్యారావు గారు ఆ చెయ్యి పట్టుకున్నారు. ఎంతోసేపు వదల్లేదు.

"వద్దు బాబూ. దించే ఉంచు."

లారీ కదిలినప్పుడు ఆ తెల్లకారు అలాగే వెళ్ళింది, ఎడమవైపు అద్దం దించి. తీగల మీద ప్లాస్టర్లన్నీ దాంతోనే పోయాయి. ఒక్కటి మాత్రం మణి తీసి దాచుకున్నాడు. తన పేరున్నది. మలుపు తిరిగేదాకా ముగ్గురూ రోడ్డు మీదే నిలబడ్డారు. వాసవి అత్త చెయ్యి పట్టుకుని ఉంది.

షెడ్డులో ఇప్పుడు మిషను ఉంది. వానకి తడవడం లేదు. మిడిల్ పాయింట్‌లో మణి కొట్టు మళ్ళీ తెరిచాడు. బళ్ళు తక్కువే వస్తాయి. జాయింటు వేసిన ప్రతిసారీ మూడుసార్లు లాగి చూస్తాడు. రాత్రి అతనికి నిద్ర పడుతోందో లేదో నేనడగను. నేనూ ఇప్పుడు కొట్టు వెనక గదిలోనే ఉంటున్నాను, సాయంత్రాలు నా దగ్గర పలక పట్టుకుని కూర్చుంటున్నాడు. గుణింతాల దాకా వచ్చాడు. వాడికి అన్నీ వచ్చాక ఆ ప్లాస్టరు ముక్క వాడే చదువుకుంటాడు. అప్పటికి నేనుంటానో, ఉండనో. అందుకని ఇదంతా రాసిపెట్టాను.

కాసులమ్మ, అరవై రెండేళ్ళు,
అప్పలరాముడి కొట్టు వెనక గది, మిడిల్ పాయింట్, పోర్ట్ బ్లెయిర్.